గ్రాంటుకు దరఖాస్తు చేసే ముందు మీ సంస్థను ఎలా సిద్ధం చేసుకోవాలి

చాలా చిన్న స్వచ్ఛంద సంస్థలకు గ్రాంటు ఆలోచన ప్రకటన కంటపడిన రోజునే మొదలవుతుంది. గడువు ఇంకా పన్నెండు రోజులు. కార్యదర్శి బీరువా తెరుస్తారు. రిజిస్ట్రేషన్ పత్రం దొరుకుతుంది కానీ బైలాస్‌లో (సంస్థ నియమావళిలో) మూడో పేజీ కనిపించదు. రెండేళ్ల కిందటి ఆడిట్ రిపోర్టు ఆడిటరు దగ్గరే ఉండిపోయింది. కోశాధికారి సంతకం కావాలి, ఆయన కూతురి ఇంటికి హైదరాబాద్ వెళ్లారు. పదేళ్లుగా ఊళ్లో పిల్లలకు సాయంత్రం పూట శ్రద్ధగా చదువు చెబుతున్న సంస్థ ఆ పన్నెండు రోజులూ పరుగులు పెట్టి, సగం నిండిన దరఖాస్తు పంపి ఎదురుచూస్తుంది.

ఇలాంటి సంస్థల కాగితాలు సరిచేయడంలో చాలాకాలంగా సాయపడుతున్నాను. పని బాగోలేక గ్రాంటు రాని సంస్థలను కొద్దిగానే చూశాను. బాగున్న పనిని చూపించుకోలేక పోగొట్టుకున్నవి ఎన్నో. ప్రతిసారీ మనసు చివుక్కుమంటుంది, ఎందుకంటే ఆ లోపం దిద్దుకోవడం పూర్తిగా మన చేతిలోనే ఉంది. కింద చెప్పేదంతా ప్రకటన రాకముందే, కనీసం ఆరు నెలల ముందు నుంచి చేసుకోవలసిన పని. ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో సొసైటీగా నమోదై, మొదటిసారి కంపెనీల సీఎస్ఆర్ (సామాజిక బాధ్యత) నిధులకో, ఏదైనా ఫౌండేషన్ గ్రాంటుకో వెళ్లాలనుకుంటున్న చిన్న సంస్థను మనసులో పెట్టుకుని రాస్తున్నాను. ట్రస్టులకు, సెక్షన్ 8 కంపెనీలకు (లాభాపేక్ష లేని కంపెనీలకు) కూడా ఇందులో చాలా భాగం వర్తిస్తుంది.

1. ముందు మీ పేరు సరిచూసుకోండి

బల్ల మీద నాలుగు కాగితాలు పక్కపక్కన పరచండి: రిజిస్ట్రేషన్ పత్రం, పాన్ కార్డు, బ్యాంకు పాసుపుస్తకం మొదటి పేజీ, ఆదాయపు పన్ను శాఖ ఇచ్చిన 12ఎ ఉత్తర్వు (సంస్థ ఆదాయానికి పన్ను మినహాయింపు ఇచ్చే నమోదు, ఇప్పుడు 12ఎబి అంటారు). నాలుగింటిలోనూ ఇంగ్లిషులో ఉన్న సంస్థ పేరును ఒక్కో అక్షరం మీద వేలు పెట్టి చదవండి. తెలుగు పేరును ఇంగ్లిషు అక్షరాల్లో రాయడానికి మనకు ఒక కట్టుబాటు లేదు. ‘శ్రీ’ని ఒకచోట ఐతో ముగిస్తాం, మరోచోట రెండు ఈలతో. ‘సేవా’ చివర ఒకసారి ఒక ఎ, ఇంకోసారి రెండు. ‘అభివృద్ధి’లో ఎన్ని డీలు, ఎన్ని హెచ్‌లు ఉండాలన్నది ఆ రోజు టైపు చేసినవారి అలవాటును బట్టి ఉంటుంది. మనకు అవన్నీ ఒకే పేరు. కంప్యూటరుకు మాత్రం నాలుగు వేర్వేరు సంస్థలు.

నేను చూసిన ఒక సంస్థకు పాన్ కార్డులో ‘సొసైటీ’ అన్న చివరి మాటే పడలేదు. దరఖాస్తు మొదటి వడపోతలోనే ఆగిపోయింది. పాన్ దిద్దించి, ఆ పాన్‌తో బ్యాంకులో మార్పించి, తర్వాత పోర్టల్‌లో సరిచేయించేసరికి నాలుగు నెలలు గడిచాయి. అందుకే దీన్ని మొదటి పనిగా పెట్టాను. తేడా కనిపిస్తే రిజిస్ట్రేషన్ పత్రంలో ఉన్నదే అసలు పేరుగా తీసుకుని మిగిలినవన్నీ దానికి సరిపోయేలా మార్పించండి. చిరునామా సంగతీ అంతే. ఆఫీసు మారి మూడేళ్లయినా పాత అద్దె ఇంటి చిరునామాతోనే నడుస్తున్న సంస్థలు చాలా ఉన్నాయి.

2. చట్టం అడిగే కాగితాలు

2001 నాటి సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం కింద కనీసం ఏడుగురు సభ్యులతో సొసైటీ ఏర్పడుతుంది. నమోదు చేయించి ఊరుకుంటే సరిపోదు. ఏటా సర్వసభ్య సమావేశం జరిపి, కార్యవర్గం జాబితాను రిజిస్ట్రార్‌కు సమర్పించాలి. చిన్న సంస్థలు ఎక్కువగా తప్పేది ఇక్కడే. మీరు చివరిసారి ఎప్పుడు జాబితా ఇచ్చారో చూడండి. చనిపోయిన ఉపాధ్యక్షుడి పేరు ఇప్పటికీ రికార్డుల్లో ఉంటే దాన్ని సరిచేయకుండా ముందుకు వెళ్లకండి.

మెమొరాండంలోని (సంస్థ స్థాపన పత్రంలోని) ఆశయాలను ఒకసారి నెమ్మదిగా చదవండి. మీరు పిల్లల చదువు కోసం గ్రాంటు అడగబోతుంటే ఆ మాట ఆశయాల్లో ఉండాలి. లేకపోతే సవరణ చేయించుకోవాలి. అయితే 12ఎబి నమోదు ఉన్న సంస్థ ఆశయాలు మార్చుకుని, అవి నమోదు షరతులకు అనుగుణంగా లేకపోతే, మార్చిన తేదీ నుంచి 30 రోజుల్లోగా ఆదాయపు పన్ను శాఖకు మళ్లీ దరఖాస్తు చేయాలి. ఆడిటరును అడగకుండా ఆశయాల జోలికి వెళ్లవద్దు.

ఆదాయపు పన్ను నమోదుల్లో ముఖ్యమైనవి రెండు. 12ఎబి మీ సంస్థ ఆదాయానికి మినహాయింపు ఇస్తుంది. 80జి మీకు విరాళం ఇచ్చినవారికి పన్నులో తగ్గింపు ఇస్తుంది. 2021 ఏప్రిల్ 1 నుంచి ఈ నమోదులకు కాలపరిమితి వచ్చింది. కొత్త సంస్థకు మొదట మూడేళ్ల తాత్కాలిక నమోదు, ఆ తర్వాత మామూలుగా ఐదేళ్ల నమోదు ఇస్తారు; ఏడాది ఆదాయం 5 కోట్లు దాటని చిన్న సంస్థలకు మాత్రం 2025 ఏప్రిల్ నుంచి 12ఎబి నమోదు పదేళ్లకు ఇస్తున్నారు. తాత్కాలిక నమోదు ముగియడానికి కనీసం ఆరు నెలల ముందు, లేదా కార్యక్రమాలు మొదలైన ఆరు నెలల్లోగా, ఈ రెండింటిలో ఏది ముందయితే అప్పటికి పూర్తి నమోదుకు దరఖాస్తు చేయాలి. మీ ఉత్తర్వు మీద ఉన్న ముగింపు తేదీని పెద్ద అక్షరాలతో రాసి ఆఫీసు గోడకు అంటించండి. 2026 ఏప్రిల్ 1 నుంచి అమలయ్యే 2025 నాటి కొత్త ఆదాయపు పన్ను చట్టంలో సెక్షన్ల అంకెలు మారాయి. దరఖాస్తు ఫారాల్లో పాత అంకె, కొత్త అంకె ఏది కనిపించినా తికమకపడకుండా రెండూ పక్కపక్కన రాసి పెట్టుకోండి.

నీతి ఆయోగ్ నడిపే ఎన్జీఓ దర్పణ్ పోర్టల్‌లో నమోదై గుర్తింపు సంఖ్య తీసుకోండి. ప్రభుత్వ గ్రాంటులకు అది కావాలి, ఇతర దాతలు కూడా అడుగుతున్నారు. సీఎస్ఆర్ నిధులు తీసుకోవాలంటే కంపెనీ వ్యవహారాల మంత్రిత్వ శాఖ దగ్గర సీఎస్ఆర్-1 ఫారం దాఖలు చేసి నమోదు సంఖ్య పొందాలి. 2021 ఏప్రిల్ 1 నుంచి ఇది తప్పనిసరి. సంస్థకు 12ఎ, 80జి ఉండడంతో పాటు నిధులు అడుగుతున్న పని లాంటి పనిలో కనీసం మూడేళ్ల అనుభవం కూడా ఉండాలి. నిరుడే మొదలైన సంస్థ అయితే ఈ మూడేళ్లూ స్థానిక విరాళాలతో పని చేసి, రికార్డు కట్టుకోవడమే దారి.

విదేశీ డబ్బు విషయంలో ఒక్క క్షణం ఆగండి. మన జిల్లాల్లో ప్రతి ఊరికీ అమెరికాలోనో, ఆస్ట్రేలియాలోనో ఒక ఆత్మీయుడు ఉంటాడు. ‘మన ఊరివాడే కదా’ అని ఆ డబ్బు మామూలు ఖాతాలో వేయించుకుంటారు. ఆయన ఇప్పటికీ భారత పౌరుడై, సొంత సంపాదన నుంచి బ్యాంకు ద్వారా పంపితే అది విదేశీ విరాళం కాదు. పాస్‌పోర్టు నకలు ఒకటి తీసుకుని దాచుకోండి. ఆయన అక్కడి పౌరసత్వం తీసుకుని ఉంటే మాత్రం, ఓసీఐ కార్డు (భారతీయ మూలాలున్న విదేశీ పౌరులకు ఇచ్చేది) ఉన్నా సరే, అది విదేశీ విరాళమే. ఎఫ్‌సీఆర్ఏ (విదేశీ విరాళాల నియంత్రణ చట్టం) నమోదు లేదా ముందస్తు అనుమతి లేకుండా తీసుకోకూడదు. ఆ నమోదు కావాలంటే సంస్థకు కనీసం మూడేళ్ల వయసు ఉండాలి, గత మూడు ఆర్థిక సంవత్సరాల్లో ప్రధాన కార్యక్రమాలపై 15 లక్షల రూపాయలు ఖర్చు చేసి ఉండాలి. 2020 సవరణ తర్వాత ఆ డబ్బు ముందుగా ఢిల్లీలోని స్టేట్ బ్యాంకు ప్రధాన శాఖలో తెరిచిన ఖాతాకే రావాలి. పరిపాలన ఖర్చు 20 శాతం దాటకూడదు, మరో సంస్థకు బదలాయించకూడదు. మొదటి గ్రాంటుకు ఈ దారి పట్టమని నేను చెప్పను. దేశంలోని దాతలతో మొదలుపెట్టండి.

3. మినిట్స్ పుస్తకం

సమావేశాల్లో జరిగినదాన్ని రాసిపెట్టే పుస్తకం ఇది. దాత తరఫున వచ్చినవారు ముందుగా అడిగే పుస్తకాల్లో ఇదొకటి. గత రెండేళ్ల సమావేశాల మినిట్స్ అన్నీ ఒకే రాత్రి, ఒకే పెన్నుతో, ఒకే దస్తూరీలో రాసి ఉంటే చూడగానే తెలిసిపోతుంది. అలా చేయకండి. జరగని సమావేశాలను జరిగినట్టు రాయడం అబద్ధం, ఆ అబద్ధం మీద నిలబడిన దరఖాస్తు ఎప్పుడైనా కూలుతుంది. లోటు ఉంటే ఉన్నట్టే వదిలి, ఈ నెల నుంచి సక్రమంగా మొదలుపెట్టండి. తేదీ, హాజరైనవారి సంతకాలు, కోరం (ఉండాల్సిన కనీస హాజరు), ఏం చర్చించారు, ఏం తీర్మానించారు, ఎవరు ప్రతిపాదించారు, ఎవరు బలపరిచారు, ఇంతే. గ్రాంటుకు వెళ్లాలని, ఒప్పందం మీద సంతకం చేసే అధికారం ఫలానా వారికి ఇస్తున్నామని ఒక తీర్మానం ఇప్పుడే చేసి పెట్టుకోండి.

కార్యవర్గంలో భార్య, భర్త, బావమరిది, మరో ముగ్గురు బంధువులు ఉంటే దాత వెనకాడతాడు. ఎంత నిజాయతీపరులైనా ఇది ఇబ్బందే. ఊళ్లో రిటైరైన ఉపాధ్యాయురాలిని, బ్యాంకులో పనిచేసినవారిని, మీరు ఎవరి కోసం పనిచేస్తున్నారో ఆ వాడ నుంచి ఒకరిని లోపలికి పిలవండి. వాళ్లు రావడం వల్ల సంస్థకు నిజంగా మేలు జరుగుతుంది.

4. లెక్కలు

ఇక్కడ కాసేపు ఆగుదాం. చిన్న సంస్థల లెక్కలు చెడిపోవడానికి మోసం కంటే మంచితనమే ఎక్కువ కారణం. డబ్బు లేనప్పుడు కార్యదర్శి తన జేబులోంచి టీచర్ల జీతం ఇస్తారు. రెండు నెలల తర్వాత విరాళం వస్తే అందులోంచి తీసుకుంటారు. ఎక్కడా రాయరు. మూడేళ్లు గడిచేసరికి సంస్థ డబ్బు ఏదో, సొంత డబ్బు ఏదో ఆయనకే తెలియదు. ఇక నుంచి జేబులోంచి పెట్టిన ప్రతి రూపాయికీ రెండే దారులు ఉంచండి. తిరిగి తీసుకోకపోతే అది విరాళం, రసీదు రాయండి. తిరిగి తీసుకుంటే అది అప్పు, తీర్మానం చేసి పుస్తకంలో చూపండి. సంస్థ ఆఫీసు మీ ఇంట్లోనే ఉండి అద్దె తీసుకుంటుంటే దానికీ తీర్మానం, అద్దె ఒప్పందం ఉండాలి. అద్దె ఆ వీధిలో మామూలుగా ఉన్నంతే ఉండాలి.

ఒక వోచరు చూద్దాం. ‘ఆటో ఖర్చు, 850’ అని ఒక చీటీ మీద రాసి, కింద ఒక సంతకం. ఇది వోచరు కాదు. సరైన వోచరు ఇలా ఉంటుంది: వోచరు నంబరు 47, జూలై 14. ముగ్గురు టీచర్లు శిక్షణ కోసం మండల కేంద్రానికి వెళ్లి రావడానికి ఆటో అద్దె 850 రూపాయలు. ఆటో నడిపినవారి పేరు, ఫోను నంబరు, సంతకం. ఖర్చు పెట్టినవారి సంతకం. ఆమోదించినవారి సంతకం. ఏ కార్యక్రమం ఖాతాలోకి వస్తుందో ఆ పేరు. ఖర్చు పెట్టినవారు, ఆమోదించినవారు ఒకరే కాకూడదు. వెనకాల శిక్షణ హాజరు పట్టిక నకలు గుచ్చి ఉంటే ఇంకా మంచిది. ఇలా రాయడానికి మూడు నిమిషాలు పడుతుంది. ఏడాది తర్వాత దాన్ని చదివే అపరిచితుడికి ఆ రోజు ఏం జరిగిందో ఎవరినీ అడగకుండా అర్థమవుతుంది.

ఒకరికి ఒకే రోజులో 10,000 రూపాయలకు మించి నగదుగా చెల్లిస్తే, పన్ను లెక్కలో అది సంస్థ ఆశయాల కోసం పెట్టిన ఖర్చుగా చెల్లదు. కాబట్టి జీతాలు, అద్దె, పుస్తకాల కొనుగోలు అన్నీ బ్యాంకు ద్వారానే ఇవ్వండి. ఆదాయంలో కనీసం 85 శాతం ఆ ఏడాదే ఆశయాల మీద ఖర్చు చేయాలన్న నియమం గుర్తుంచుకోండి. మిగులుతుందనుకుంటే మార్చి 31 వరకు ఆగకుండా డిసెంబరులోనే ఆడిటరుతో మాట్లాడండి. 80జి ఉన్న సంస్థ గత ఆర్థిక సంవత్సరంలో వచ్చిన విరాళాల వివరాలను మే 31లోగా ఆదాయపు పన్ను శాఖకు సమర్పించాలి. ఆలస్యమైతే రోజుకు 200 రూపాయల రుసుము పడుతుంది. లెక్కల పుస్తకాలు, వోచర్లు పదేళ్లు దాచాలి. చెదలు పట్టని చోట, దయచేసి.

దాతలు సాధారణంగా మూడేళ్ల ఆడిట్ రిపోర్టులు, మూడేళ్ల ఆదాయపు పన్ను రిటర్నులు అడుగుతారు. అవి చేతికి వచ్చాక మీరే ఒకసారి చదవండి. వార్షిక నివేదికలో 120 మంది పిల్లలని రాసి, ఆడిట్ రిపోర్టులో విద్యా కార్యక్రమం ఖర్చు 9,000 రూపాయలని ఉంటే చదివేవారికి అనుమానం రాక తప్పదు. టీచర్లు జీతం లేకుండా చెప్పి ఉండవచ్చు, ఒక దాత పుస్తకాలు ఉచితంగా ఇచ్చి ఉండవచ్చు. ఆ సంగతి నివేదికలో రాస్తే అదే మీకు బలం అవుతుంది.

5. పని జరిగిందని చూపే రుజువు

ఫొటోలు రుజువు అనుకుంటాం. బ్యానరు ముందు వరుసగా నిలబడిన పిల్లల ఫొటో చూసి, ఒక రోజు బ్యానరు కట్టారని మాత్రమే తెలుస్తుంది. హాజరు పట్టిక అంతకంటే ఎన్నో రెట్లు విలువైనది. పత్తి తీతల రోజుల్లో ఏ పిల్లలు రాలేదో, పండగ తర్వాత ఎవరు తిరిగి వచ్చారో అది చెబుతుంది.

ఫలితం చూపడానికి మొదటి రోజే కొలవాలి. సాయంత్రం బడి అయితే జూన్‌లో ప్రతి బిడ్డనూ పక్కన కూర్చోబెట్టుకుని చదివించండి. అక్షరాలు గుర్తుపడుతున్నారా, పదాలు చదువుతున్నారా, ఒకటో తరగతి స్థాయి పేరా చదవగలరా, రెండో తరగతి స్థాయి కథ చదవగలరా? ప్రథమ్ సంస్థ ఆధ్వర్యంలో 2005లో మొదలైన, పిల్లల చదువు స్థాయిని కొలిచే అసర్ సర్వే వాడే మెట్లు ఇవే. ఒక్కో బిడ్డకు కొద్ది నిమిషాలు చాలు. డిసెంబరులో, మార్చిలో మళ్లీ అదే పరీక్ష. జూన్‌లో పదాల దగ్గర ఆగిన పిల్లల్లో ఎంతమంది మార్చికి కథ చదువుతున్నారో మీ పట్టికే చెబుతుంది. ఎదగని పిల్లల సంఖ్య కూడా రాయండి. అందరూ నూటికి నూరు శాతం ఎదిగారని రాసిన పట్టికను అనుభవం ఉన్నవారు నమ్మరు.

పిల్లలతో పనిచేసే సంస్థ దగ్గర బాలల రక్షణ విధానం రాతపూర్వకంగా ఉండాలి. పదిమంది, అంతకంటే ఎక్కువ మంది పనిచేస్తుంటే 2013 చట్టం ప్రకారం లైంగిక వేధింపుల ఫిర్యాదుల కోసం అంతర్గత కమిటీ వేయాలి. ఎక్కడి నుంచో తెచ్చుకున్న ఇరవై పేజీల విధానం కంటే, మీ టీచర్లతో కూర్చుని తెలుగులో రాసుకున్న రెండు పేజీలు మేలు. బిడ్డను ఒంటరిగా ఎవరి ఇంటికీ పంపకూడదు, కొట్టకూడదు, ఫిర్యాదు ఎవరికి చెప్పాలి, ఇలాంటి మాటలు అందులో ఉండాలి. వాటి మీద టీచర్ల సంతకాలు ఉండాలి.

6. ఎవరిని అడగాలి

కంపెనీల చట్టంలోని సెక్షన్ 135 ప్రకారం నికర విలువ 500 కోట్లు, లేదా టర్నోవరు 1,000 కోట్లు, లేదా నికర లాభం 5 కోట్లు, ఆ పైన ఉన్న కంపెనీలు గత మూడేళ్ల సగటు లాభంలో కనీసం 2 శాతం సామాజిక బాధ్యత కింద ఖర్చు చేయాలి. తాము పనిచేసే ప్రాంతానికి ప్రాధాన్యం ఇవ్వాలని కూడా అదే సెక్షన్ చెబుతోంది. అంటే దాతను వెతకడం మీ చుట్టుపక్కల నుంచే మొదలుపెట్టాలి. రామగుండం దగ్గరివారికి ఎన్టీపీసీ, బొగ్గు గనుల ప్రాంతంవారికి సింగరేణి గుర్తుకు వస్తాయి. పెద్ద పేర్ల దగ్గరే ఆగిపోకండి. మీ జిల్లాలో సిమెంటు ఫ్యాక్టరీ, మందుల కంపెనీ, చక్కెర మిల్లు ఏవి ఉన్నాయో జాబితా రాయండి. ప్రతి కంపెనీ వార్షిక నివేదికలో సీఎస్ఆర్ భాగం ఉంటుంది. గత రెండేళ్లలో ఎక్కడ, దేనికి, ఎవరి ద్వారా ఖర్చు పెట్టారో చదవండి. నీటి ట్యాంకులకే ఇచ్చే కంపెనీని చదువు కోసం అడిగి సమయం పోగొట్టుకోవద్దు. ఆ డబ్బు కోసం మీరు నీటి ట్యాంకుల పనిలోకి దిగడం అంతకంటే పెద్ద తప్పు. మీ టీచర్లకు తెలిసిన పని వదిలి తెలియని పనికి వెళతారు, పిల్లలు మధ్యలో ఆగిపోతారు.

జాబితా మూడు, నాలుగు పేర్లకు తగ్గాక ఒక పేజీ పరిచయ లేఖతో వెళ్లి కలవండి. అప్పుడే డబ్బు అడగకండి. మీ పని చెప్పి, వారు ఏం చూస్తారో అడిగి, నోటు రాసుకుని రండి.

7. బడ్జెట్

మూడు ఊళ్లు, 120 మంది పిల్లలు అనుకుందాం. నలుగురు టీచర్లకు నెలకు 6,000 చొప్పున పది నెలలకు 2,40,000. సమన్వయకర్తకు నెలకు 15,000 చొప్పున ఏడాదికి 1,80,000. పుస్తకాలు, పలకలు, చార్టులు ఒక్కో బిడ్డకు 500 చొప్పున 60,000. సమన్వయకర్త ప్రయాణాలు నెలకు 2,000 చొప్పున 24,000. రెండు శిక్షణలకు 10,000 చొప్పున 20,000. ఆడిట్, ఆఫీసు ఖర్చు నెలకు 3,000 చొప్పున 36,000. మొత్తం 5,60,000 రూపాయలు, బిడ్డకు ఏడాదికి దాదాపు 4,667. ప్రతి అంకె వెనుక ఒక గుణకారం కనిపిస్తోంది చూడండి. ‘ఇతర ఖర్చులు, 50,000’ అన్న వరుస ఎక్కడా లేదు.

ఆడిట్, ఆఫీసు ఖర్చు అడగడానికి చాలామంది మొహమాటపడతారు. తక్కువ చూపితే త్వరగా ఇస్తారనుకుంటారు. అప్పుడు కరెంటు బిల్లు, ఆడిటరు ఫీజు మళ్లీ కార్యదర్శి జేబులోంచే పోతాయి, లెక్కలు మళ్లీ పాత గందరగోళంలో పడతాయి. అసలు ఖర్చు ఎంతో అంతే అడగండి. జీతాల్లోనూ అంతే. టీచరుకు బయట కూలి రేటు కంటే తక్కువ రాసి, ఆమె ఏడాది పొడవునా ఉంటుందని దాతకు మాట ఇవ్వలేం.

పరిచయ లేఖ, ధ్రువపత్రాలు, ఆడిట్ రిపోర్టులు, కార్యవర్గం జాబితా, ఫలితాల పట్టిక, బడ్జెట్, అన్నీ స్కాన్ చేసి ఒకే ఫోల్డరులో పెట్టండి. ఫైలు పేరులో సంవత్సరం ఉండాలి. ఒక నకలు కార్యదర్శి దగ్గర, ఒకటి కోశాధికారి దగ్గర. ఇప్పుడు ప్రకటన వచ్చినా పన్నెండు రోజులు చాలు. ఆ రోజులన్నీ ప్రపోజల్ రాయడానికి, రాసింది మీ టీచర్లకు చదివి వినిపించడానికి మిగులుతాయి. వాళ్లు ‘ఇది మనం చేయలేం’ అన్న వాక్యాన్ని కొట్టేయండి.

8. వాళ్లు చూడడానికి వచ్చిన రోజు

ప్రపోజల్ నచ్చితే దాత తరఫున ఎవరో ఒకరు ఊరికి వస్తారు. మనకున్న అలవాటు ప్రకారం శాలువా, పూలగుచ్ఛం, వేదిక, ఎండలో గంటసేపు నిలబెట్టిన పిల్లలు, స్వాగత గీతం సిద్ధం చేస్తాం. ఇవేవీ వద్దు. వచ్చినవారికి ఒక గ్లాసు మంచినీళ్లు, టీ ఇవ్వండి. క్యాష్ బుక్, వోచర్ల ఫైలు, మినిట్స్ పుస్తకం బల్ల మీద పెట్టండి. అడిగినదానికి జవాబు తెలియకపోతే రెండు రోజుల్లో తెలుసుకుని రాస్తామని చెప్పి, చెప్పినట్టే రాయండి. తల్లులతో, టీచర్లతో మాట్లాడాలంటే కార్యదర్శి పక్కన నిలబడకుండా దూరంగా వెళ్లాలి. ఆ సాయంత్రం తరగతి మామూలు వేళకే మొదలుకావాలి. రాని పిల్లల పేరు పక్కన ఆ రోజు కూడా టీచరు గైర్హాజరు వేయాలి.